పంక్తి విడిచిన పంతులుగారు

ఇప్పటికి నూటనలువది సంవత్సరములకు పూర్వము గోదావరీతీరమున ఒక బ్రాహ్మణ గృహస్థుని గౌరవమును కొలుచుటకు అతని పొలములు గాని, పాండిత్యము గాని చాలకుండెను. పెండ్లిలోనో తద్దినములోనో భోజన పంక్తియందు అతనికి విస్తరి వేయుదురా, వేయరా యనునదే కడపటి కొలత. విస్తరి వేయనిచో అతడు వెలివడినవాడు. వెలివడినవాని యింటికి పురోహితుడు రాడు. ఆబ్దికమునకు భోక్తలు దొరకరు. అతని కుమార్తె నడుగువా రుండరు. ఇంటిలో ఎవరైన మరణించినచో మోయుటకు నలుగురు రారు. ఈ శిక్ష విధించుటకు న్యాయస్థానము అక్కఱలేదు, కారాగారమును అక్కఱలేదు. ఇరుగుపొరుగువారు మౌనముగ ముఖము త్రిప్పుకొన్న చాలును.

ఈ భయము మనుష్యుల నడవడినే గాక వారి యాలోచనను గూడ మలచుచుండెను. ఒంటరిగ నున్నపుడు క్రూరమని తోచిన యాచారమునే పదిమంది నడుమ ధర్మమని సమర్థించువారు ప్రతి గ్రామమునను ఉండిరి. వారందఱును కపటులు కారు. పలుమారులు పైకి చెప్పిన మాట కొంతకాలమునకు లోపలి నమ్మకముగ మాఱిపోవుచుండెను. ఇట్టి సంఘములో పుట్టి, బుద్ధిపూర్వకముగ ఆ పంక్తినుండి లేచివచ్చి, తనవలె లేచివచ్చినవారి కొఱకు వేఱొక పంక్తిని అమర్చిన మహనీయుడు కందుకూరి వీరేశలింగం పంతులుగారు.

బాల్యము

వీరేశలింగంగారు 1848వ సంవత్సరము ఏప్రిలు 16వ తేదీన రాజమహేంద్రవరములో ఒక నియోగి కుటుంబమున జన్మించిరి. తండ్రి సుబ్బారాయుడుగారు, తల్లి పున్నమ్మగారు. నాలుగేండ్ల ప్రాయముననే తండ్రి గతించుటచే పెదతండ్రి ప్రాపున పెరిగిరి. 1861లో, పదమూడవ యేట, ఆనాటి యాచారము ననుసరించి పెద్దలు ఆయనకు వివాహము చేసిరి. వధువు పేరు బాపమ్మ. అత్తవారింట ఆమె రాజ్యలక్ష్మి యయ్యెను. బాల్యవివాహములను జీవితాంతము ఖండించిన పురుషుడు తానును బాలవరుడే. పీటలమీద కూర్చుండుటకు ఆయన సమ్మతి నెవరును అడిగియుండరు. వధువు సమ్మతిని అడుగవచ్చునను ఊహయే ఆ కాలమువారికి లేదు.

ఆయనయు మొదట ఇంటివారు నమ్మినదానినే నమ్మిరి. పూజలు, వ్రతములు, శకునములు, దయ్యములు ఆనాటి గృహములలో నిత్యజీవితమున భాగములు. ప్రభుత్వ పాఠశాలలో చదువు సాగుచున్న దినములలో వంగదేశపు బ్రహ్మసమాజ నాయకుడగు కేశవచంద్రసేనుని రచనలు చేతికి వచ్చెను. వానిని చదివిన కొలది పాత నమ్మకములు ఒక్కొక్కటిగ సడలసాగెను. దయ్యములు లేవని ఆయనకు తోచెను. కాని లేవని వాదించుట సులభము. ఆయన అర్ధరాత్రమున శ్మశానమునకు పోయి తిరిగివచ్చి చూపిరి. తోచినది చెప్పి ఊరకుండక, చెప్పినది చేసి చూపవలెనను పట్టుదల ఆ వయస్సుననే ఆయనయందు కానవచ్చుచున్నది. తరువాతి జీవితమంతయు ఈ పట్టుదలయొక్క విస్తరణమే.

వృత్తి నిర్ణయము

చదువు ముగిసినపిదప సర్కారు కొలువునకు యత్నించిరి. లంచము లేనిదే కొలువు దొరకదని తెలిసెను. లంచమిచ్చి చేరినవాడు లంచము పుచ్చుకొనక నిలువలేడని గ్రహించి ఆ దారి విడిచిరి. న్యాయవాద పరీక్షకు పోవలెనని తలంచిరి. అసత్యమాడక ఆ వృత్తి సాగదని తోచి దానినిగూడ మానుకొనిరి. కడకు ఉపాధ్యాయ వృత్తిని స్వీకరించి కోరంగిలో పాఠశాలాధ్యక్షులై, అచట రెండేండ్లు పనిచేసి, పిదప ధవళేశ్వరమునకు వచ్చిరి.

ఈ నిర్ణయమును కేవలము నీతిపట్టుదలగ భావించిన చాలదు. మంచివాడు ఏ పదవిలో కూర్చున్నను మంచివాడుగనే యుండునని లోకము నమ్మును. పంతులుగారికి ఆ నమ్మకము లేదు. పదవియే మనుష్యుని తన యచ్చులో పోసికొనునని, తోటివారందఱు ఒకవిధముగ నడచుచుండగా ఒక్కడు వేఱువిధముగ నడచుట ఎంత కష్టమో ఆయన ముందుగనే ఎఱిగిరి. అందువలన తన్ను చెడగొట్టని వృత్తిని వెదకుకొనిరి. ఆ కాలమున ఉపాధ్యాయునకు జీతము స్వల్పము, అధికారము శూన్యము. కాని వయస్సు ముదిరి అచ్చులో గట్టిపడిన పెద్దలు గాక, ఇంకను మెత్తగనున్న బాలురు ఆయన యెదుట కూర్చుండిరి. వారే తరువాత ఆయన సైన్యమైరి.

వ్రాతలోను ఆయన మొదట తనవారి మెప్పునకే పాటుపడిరి. పండితుడనిపించుకొనవలెనన్నచో కఠినమైన నియమములతో పద్యములు చెప్పవలెననుట ఆనాటి పండితలోకపు పద్ధతి. ఆయన శుద్ధాంధ్ర నిరోష్ఠ్య నిర్వచన నైషధమును రచించిరి. అనగా సంస్కృత పదములు లేక, పెదవులు తగులు అక్షరములు లేక, నడుమ వచనము లేక నలుని కథ చెప్పుట. ఆ గ్రంథము శక్తికి నిదర్శనమే. కాని ధవళేశ్వరములోని సామాన్య గృహస్థునకు దానివలన ప్రయోజనము లేదు. ఈ సంగతి గ్రహించి ఆయన సులభమైన వచనమునకు దిగివచ్చిరి. 1874లో వివేకవర్ధని పత్రికను స్థాపించిరి. రాజశేఖర చరిత్రమును ఆ పత్రికలో ప్రకటించి 1880లో గ్రంథముగ వెలువరించిరి. పండితులు వచనమును చులకనగ చూచు దినములలో ఒక పండితుడు బుద్ధిపూర్వకముగ వచనము వ్రాయుటయే పంక్తి విడుచుటకు తొలిమెట్టు.

బాలికల బడి

1874లోనే ధవళేశ్వరమున బాలికా పాఠశాలను నెలకొల్పిరి. స్త్రీకి చదువు అవసరము లేదనుటయే గాక, చదివినచో కీడు కలుగునను భయము గూడ దేశమున వ్యాపించియుండెను. కొక్కొండ వేంకటరత్నము పంతులుగారు గొప్ప పండితులు. వారు తమ పత్రికలో స్త్రీవిద్యను ఖండించిరి. వీరేశలింగంగారు వివేకవర్ధనిలో సమాధానము వ్రాసిరి. తెలుగుదేశమున పత్రికాముఖమున సాగిన గొప్ప వాదములలో ఇది యొకటి.

ఆ వాదములో పంతులుగారు ఒక సంగతి కనుగొనిరి. తర్కమునకు తలయూపినవాడు సైతము తన కుమార్తెను బడికి పంపుటకు మొదటివాడు కానొల్లడు. రెండవవాడగుటకు అతనికి అభ్యంతరము లేదు. నలుగురు పంపినపిదప తానును పంపును. కావున సంస్కర్త చేయవలసిన పని రెండు విధములు. వాదించుట ఒకటి. మొదటి నలుగురను సమకూర్చుట రెండవది. రెండవదియే కష్టమైనది.

ఆయన ప్రహసనములును ఈ మార్గముననే పుట్టినవి. ముదుసలికి పసిపిల్ల నిచ్చు వివాహమును బ్రాహ్మవివాహములోను, న్యాయస్థానములలోని మోసములను వ్యవహార ధర్మబోధినిలోను పరిహసించిరి. 1880లో తన శిష్యులచేతనే రాజమహేంద్రవరమున నాటకము లాడించిరి. ఇంటిలో భయముచే మ్రొక్కినదానిని రంగస్థలముమీద చూచి పదిమంది కలిసి నవ్వినపుడు ఆ భయమునకు పట్టు కొంత సడలును. గుంపు మనుష్యుని భయపెట్టగలదు, ధైర్యమును ఇయ్యగలదు. ఈ రెండవ శక్తిని ఆయన నవ్వుద్వారా మేల్కొలిపిరి.

చట్టమున్నను చలనము లేదు

ఈశ్వరచంద్ర విద్యాసాగరుని కృషిచే 1856లో వితంతు వివాహములు చట్టసమ్మతములైనవి. ఇరువదియైదేండ్లు గడచినను తెలుగునాట ఆ చట్టము నాశ్రయించుటకు సాహసించినవారు దాదాపు లేకుండిరి. ఐదారేండ్ల పిల్లలను పెద్దవారి కిచ్చి పెండ్లిచేయు ఆ కాలమున పెండ్లికొడుకును ఎఱుగకయే విధవలైన బాలిక లెందఱో యుండిరి. వారి జీవితము ఒక పాత్రగ ముందే వ్రాయబడియుండెను. తల గొఱిగించుకొనవలెను. ఒంటిపూట తినవలెను. శుభకార్యములలో ఎదురు రాకూడదు. వంటయింటి చాకిరి చేయవలెను. ఆ పాత్రను బాలికకు నేర్పినవారు పరాయివారు కారు. తల్లి, మేనత్త, అమ్మమ్మ. ప్రేమించు చేతులే ఆమెను ఆ పాత్రలో నిలిపినవి. వారికి బాలికపై కనికరము లేక కాదు. ఆమెకు మఱొక దారి చూపినచో ఇంటిల్లిపాదియు వెలివడుదురను భయము కనికరమును మించియుండెను.

1879లో పంతులుగారు రాజమహేంద్రవరమున వితంతు వివాహములనుగూర్చి బహిరంగోపన్యాసములు చేసిరి. విద్యాసాగరుడు చూపిన త్రోవలోనే పరాశర స్మృతిని ఆధారముగ గొని, శాస్త్రము దీనిని నిషేధింపలేదని నిరూపింప జూచిరి. పండితులతో వాదములు జరిగెను. పట్టణము రెండు పక్షములయ్యెను. సభలలో కరతాళధ్వనులు మిన్నుముట్టెను. చదువుకొన్నవారును ఉద్యోగులును పలువురు అనుకూలమని చెప్పిరి. కాని వధువు నిచ్చు గృహము, వరుడుగ నిలుచు యువకుడు దొరకుటకు రెండేండ్లు పట్టెను. కాకినాడ వర్తకుడు పైడా రామకృష్ణయ్యగారు వేలకొలది రూపాయల విరాళముతో అండగ నిలిచిరి. బసవరాజు గవర్రాజుగారివంటి యువమిత్రులు చేదోడైరి. ఎన్నో చేతులు చప్పట్లు కొట్టినవి. కలిసివచ్చిన పాదములు కొలదిమాత్రమే.

1881 డిసెంబరు 11

ఆ దినమున రాజమహేంద్రవరమున పంతులుగారి యింట తొలి వితంతు వివాహము జరిగెను. వరుడు గోగులపాటి శ్రీరాములు, వధువు గౌరమ్మ. వధువును ఆమె బంధువుల కంటబడకుండ గుట్టుగ తీసికొనిరావలసివచ్చెను. వార్త పొక్కగనే పట్టణము అట్టుడికిపోయెను. అల్లరి జరుగకుండ రక్షకభటులు కాపలా కాచిరి. విద్యార్థులు ఇంటిచుట్టును నిలిచిరి. చూచుటకు వచ్చినవారు విశేషముగ నుండిరి. విస్తరివద్ద కూర్చుండుటకు సాహసించినవారు అల్పముగ నుండిరి. కొలది దినములలోనే రెండవ వివాహము గూడ జరిగెను.

అటుపిమ్మట శిక్ష యారంభమయ్యెను. శంకరాచార్య పీఠమునుండి వెలి యుత్తరువు వచ్చెను. వివాహమునకు పోయినవారును, వారితో భోజనము చేసినవారును ప్రాయశ్చిత్తము చేసికొననిచో కులమునకు బాహ్యులని దాని తాత్పర్యము. పంతులుగారి యింట వంటవారు మానిరి. నీరు మోయువారు మానిరి. పురోహితులు గడప త్రొక్కలేదు. బంధువులు రాకపోకలు మానిరి.

ఈ ఘట్టమున నిలిచిన వ్యక్తి రాజ్యలక్ష్మమ్మగారు. భర్తకు సభలున్నవి, పత్రిక యున్నది, శిష్యులున్నారు. ఆమెకు ఉన్నలోకము ఇరుగుపొరుగు స్త్రీలే. ఆ లోకము ఒక్కదినమున మూసికొనిపోయెను. భర్తను విడిచి రమ్మని బోధించిన బంధువులు లేకపోలేదు. ఆమె పోలేదు. గోదావరికి స్వయముగ పోయి కడవతో నీరు తెచ్చిరి. పెండ్లివారికి తానే వండి వడ్డించిరి. వితంతువులను ఇంట నుంచుకొని కన్నబిడ్డలవలె చూచుకొనిరి. ఆ దంపతులకు సంతానము లేదు. ఆ యింట ఆశ్రయము పొందిన బాలికలే ఆమెకు సంతానము. భర్త చెప్పినట్లు నడచుట పతివ్రతాధర్మమని నాటి సంఘము బోధించెను. ఆ ధర్మమునే పట్టుకొని ఆమె ఆ సంఘమునే ఎదిరించెను. సంఘ మిచ్చిన పాత్రలోనుండియే సంఘమునకు లొంగని మార్గము కనుగొన్న స్త్రీ ఆమె.

చప్పట్లు, ప్రాయశ్చిత్తములు

సభలలో తోడుండుదుమన్న వారిలో పలువురు వెలి యుత్తరువు రాగానే ప్రాయశ్చిత్తము చేయించుకొని పంక్తిలో కలిసిపోయిరి. వారిని పిఱికివారని నిందించి విడిచిపెట్టుట తేలిక. కాని వారి స్థితిని నిదానముగ ఆలోచింపవలెను. ఒకనికి పెండ్లికెదిగిన కుమార్తె లిరువురు. వెలివడినచో వారికి వరులు లేరు. ఒకని ముసలితల్లి అన్నము మాని కూర్చున్నది. తన శవమును ఎవరు మోయుదురని ఆమె భయము. ఒకనికి అన్నదమ్ములతో ఉమ్మడి కుటుంబము. అతని సాహసమునకు శిక్ష పదునైదుగురు అనుభవింపవలెను. ఆనాటి యిండ్లలో ఇట్టివి సామాన్యములు. వెలియొక్క బలమంతయు ఇచటనే యున్నది. అది తప్పుచేసినవానిని గాక అతడు ప్రేమించువారిని దండించును. తనకొఱకు భయపడని ధీరుడు సైతము తనవారికొఱకు భయపడును.

మఱొక సంగతియు గలదు. మొదటివాడు ప్రాయశ్చిత్తము చేసికొన్నపుడు సిగ్గుపడును. అతనిని చూచి రెండవవానికి సిగ్గు సగము తగ్గును. పదియవవానికి అది మర్యాదగ తోచును. ఇక నిలిచియున్న యొక్కడే లోకమునకు మూర్ఖుడుగ, మొండివాడుగ కనబడసాగును. కొంతకాలమునకు అతనికిగూడ తానే తప్పుచేయుచున్నానేమో యను సందేహము కలుగును. ఆ సందేహమునకు లోబడక నిలుచుటకు గట్టి మనస్సొక్కటియే చాలదు. పక్కన మఱొక్కడైన నిలిచియుండవలెను. పంతులుగారి పక్కన రాజ్యలక్ష్మమ్మగారు నిలిచిరి, కొలదిమంది మిత్రులు నిలిచిరి, విద్యార్థులు నిలిచిరి. ఆ కొలదిమంది లేనిచో చరిత్ర మఱొకవిధముగ నుండెడిది.

వేఱొక పంక్తి

ఈ యనుభవము ఆయనకు కర్తవ్యమును స్పష్టము చేసెను. పాత పంక్తినుండి లేచిరమ్మని పిలిచినవాడు వచ్చినవారిని ఆరుబయట నిలుపరాదు. పెండ్లిచేసికొన్న దంపతులకు ఇల్లు అద్దెకు ఇచ్చువారు లేరు. ఆయన నివాసములు కల్పించిరి. బ్రతుకుదెరువు పోయినవారికి ధనసహాయము చేసి, పనులు వెదకిపెట్టిరి. పెండ్లికి మంత్రము చెప్పువానిని, వండువానిని, కలిసి భుజించు నలుగురను సమకూర్చుట ప్రతి వివాహమునకు ముందు ఆయన పని. 1883లో స్త్రీలకొఱకు సతీహితబోధిని పత్రికను ప్రారంభించిరి. 1887లో రాజమహేంద్రవరమున బ్రహ్మసమాజ మందిరము వెలసెను. తరువాతి కాలమున మదరాసునను రాజమహేంద్రవరమునను వితంతువులకు శరణాలయములు నడపిరి. ఇవన్నియు వేఱువేఱు సంస్థలుగ కనబడును. పరికించినచో అన్నిటి ప్రయోజనము ఒక్కటే. వెలివడినవాడు ఒంటరివాడు కాకుండుట.

క్రొత్త గుంపునకును క్రొత్త చిక్కులున్నవి. ధనమునకై పెండ్లికి ముందుకు వచ్చినవారును, సహాయము హక్కుగ భావించి తగవులాడినవారును ఆయనకు ఎదురైరి. ఆయన మనస్సు మిక్కిలి నొచ్చెను. సంస్కర్త యనుపేరు గౌరవమైనపుడు దానిని వేషముగ ధరించువారును పుట్టుదురు. గురజాడ అప్పారావుగారు కన్యాశుల్కములో గిరీశమను పాత్రద్వారా ఈ వేషమును చిరస్మరణీయముగ చిత్రించిరి. వితంతు వివాహములనుగూర్చి ఉపన్యసించు గిరీశము, శాస్త్రము వల్లించు పాతకాలపు లుబ్ధుడు, ఇరువురును ఆ నాటకములో తమ తమ గుంపుల మాటలనే పలుకుదురు. సత్యము ఏ పక్షమునకును సొత్తు కాదని పంతులుగారి కాలముననే తెలుగువారికి తెలిసిపోయెను.

పాత్రలు తాఱుమాఱైన దేశము

స్త్రీపురుషుల నడవడి ప్రకృతిసిద్ధమా, సంఘమిచ్చిన పాత్రయా యను ప్రశ్నను పంతులుగారు ఒక విచిత్రమైన కథలో పరిశీలించిరి. అది సత్యరాజా పూర్వదేశ యాత్రలు. ఆంగ్ల రచయిత స్విఫ్టుయొక్క గలివరు యాత్రల మార్గమున వ్రాసిన గ్రంథము. అందులో కథానాయకుడు ఆడుమళయాళమను దేశము చేరును. అచట అధికారము స్త్రీలది. పురుషులు ఘోషాలో నుందురు, పత్నీవ్రత్యము పాటింతురు, భార్య పోయిన పురుషునకు ఇచటి వితంతువునకు గల కష్టములన్నియు గలవు. అచటి స్త్రీలు దీనినంతయు శాస్త్రసమ్మతమని, ప్రకృతిధర్మమని సమర్థింతురు.

చదువరి మొదట నవ్వును. కొంతసేపటికి ఆ నవ్వు ఆగును. ఆ స్త్రీలు చెప్పు కారణములన్నియు తన యూరిలో పురుషులు చెప్పునవియే యని తెలియును. ఏ పాత్రలో నున్నవారు ఆ పాత్రకు తగిన తర్కమును కూర్చుకొందురని ఈ కథ చూపుచున్నది. ఉపన్యాసముకంటె లోతుగ దిగు పాఠమిది.

అయినను పంతులుగారు తన కాలమునకు పూర్తిగ అతీతులు కారు. స్త్రీకి విద్య వలయునని పోరాడిన ఆయనయే ఆ విద్యకు ప్రయోజనము మంచి గృహిణియగుట యని తఱుచు భావించిరి. వేశ్యావృత్తిని ఖండించునపుడు ఆ వృత్తిలో పుట్టిపెరిగిన స్త్రీ స్థితిని ఆమెవైపునుండి చూచుట తక్కువ. ఒక గుంపు గోడలను కూల్చినవాడు సైతము తన కంటికి కనబడని మఱొక గోడలోపల నిలిచియుండవచ్చును. ఈ సంగతి చెప్పుట ఆయన గౌరవమునకు భంగము కాదు. ఆయన ఎంత బరువైన దానిని కదల్చిరో దీనివలన మఱింత తెలియును.

ఉత్తర జీవితము

గౌరవములు క్రమముగ వచ్చినవి. 1893లో ప్రభుత్వము రావుబహద్దరు బిరుదము నిచ్చెను. 1898లో మదరాసున జరిగిన భారత సంఘసంస్కరణ మహాసభకు అధ్యక్షత వహించిరి. మదరాసు ప్రెసిడెన్సీ కళాశాలలో తెలుగు బోధించిరి. కవుల చరిత్రమును కూర్చి తెలుగు సారస్వత చరిత్రమునకు పునాది వేసిరి. స్వీయచరిత్రమును వ్రాసి తన పొరపాట్లతోగూడ తన జీవితమును లోకముముందు పెట్టిరి. ఒకనాడు విస్తరి వేయని పట్టణమే ఆయనను తన గర్వకారణముగ చెప్పుకొనసాగెను. జీవితపు తుదిభాగమున హితకారిణీ సమాజమును స్థాపించి తన యాస్తినంతయు దాని కర్పించిరి. 1910లో రాజ్యలక్ష్మమ్మగారు పరమపదించిరి. నీళ్ల కడవనాటినుండి తోడు నిలిచిన యామె పోవుట ఆయనకు తీరని లోటు.

వృద్ధాప్యమున మఱొక పంక్తి విడువవలసివచ్చెను. గ్రాంథిక భాషను గద్యమున తీర్చిదిద్దినవారిలో ఆయన అగ్రగణ్యులు. ఆ భాషావాదమున గ్రాంథిక పక్షమువారు ఆయనను తమవానిగ ఎంచుకొనిరి. కాని గిడుగు రామమూర్తి పంతులుగారి వాదములను వినినపిదప, 1919లో రాజమహేంద్రవరమున వర్తమాన వ్యావహారికాంధ్ర భాషాప్రవర్తక సమాజము ఏర్పడినపుడు, దానికి అధ్యక్షులగుటకు అంగీకరించిరి. డెబ్బదియేండ్ల వయస్సున, తాను పెంచిన సంప్రదాయమునే పునర్విమర్శకు పెట్టుట సామాన్యము కాదు. పరుల గుంపును ఎదిరించువారు కొందఱుందురు. తనను పొగడు గుంపునుండి పక్కకు జరుగువారు అరుదు.

1919వ సంవత్సరము మే 27వ తేదీన మదరాసులో పంతులుగారు స్వర్గస్థులైరి.

ఆయన జీవితకాలమున జరిపించిన వితంతు వివాహములు నలువది వఱకు ఉండునని చెప్పుదురు. లెక్కకు ఇది పెద్దసంఖ్య కాదు. ఒక పెద్ద గ్రామములోని వితంతువులకైన చాలదు. కాని ఆ నలువది వివాహములకు ముందు, వెలివడినవాడు బ్రతుకలేడని జనులు నమ్మిరి. తరువాత ఆ నమ్మకము మునుపటివలె నిలువలేదు. వెలివడినవారు బ్రతికిరి, పిల్లలను కనిరి, ఉద్యోగములు చేసిరి, వారి పిల్లలకు పెండ్లిండ్లు జరిగెను. భయపెట్టిన గుంపునకు ఎదురుగ బ్రతికియున్న సాక్ష్యము నిలిచెను.

ఇప్పుడు విస్తరి వేయకుండుట చాలచోట్ల వాడుక తప్పినది. కాని మనుష్యునకు పంక్తిలో చోటు కావలెనను కోరిక వాడుక తప్పలేదు. తరగతిలో ఒక బాలుని అందఱు వెక్కిరించునపుడు, అది తప్పని ఎఱిగియు నవ్వులో నవ్వు కలుపు బాలునకు పంతులుగారి కాలపు గృహస్థుడు దూరపు చుట్టము కాడు. ఆ నవ్వులో కలియక నిలిచిన యొక్క విద్యార్థికి పక్కన మఱొక్కనిని నిలుపుట ఉపాధ్యాయుని పని. కోరంగిలో బడిపంతులుగ జీవితము ప్రారంభించిన వీరేశలింగంగారు తుదివఱకు చేసిన పనియు ఇదియే.